గొంతుదాకా నీళ్ళు

ఆ రోజు పొద్దున గంగాధరప్ప పెట్టుకున్న పని ఒక్కటే. కొత్త ఇంట్లో స్నానాల గది ఎక్కడ రావాలో, ఎంత రావాలో తేల్చి, ఎండ ముదరకముందే మేస్త్రీ సోమప్ప చేత గుర్తులు పెట్టించాలి. ముదిగుబ్బ ఊరి చివర ఆ ఇంటి గోడలు అప్పటికి నడుము ఎత్తుకు లేచాయి. మిగతా గదుల గురించి ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. స్నానాల గది దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరికి వారు పట్టుబట్టారు. పాత ఇంట్లో స్నానమంటే పెరట్లో నిలబెట్టిన బండలు, వాటికి అడ్డంగా ఒక గోనెపట్టా. గాలి తోలిందంటే ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో పట్టా పట్టుకోవాలి.

పొలం నుంచి వస్తూనే కాళ్ళు కడుక్కోవడానికి బయటివైపు తలుపు కావాలని గంగాధరప్ప అన్నాడు. పడకగదిలోంచి తలుపు, లోపల గట్టి గడియ, ఒక అద్దం కావాలని అతని భార్య వనజాక్షి అంది. షవరు లేకపోతే అది స్నానాల గదే కాదని కూతురు లహరి తేల్చేసింది. ఇటుకల మీద కూర్చుని అంతా వింటున్న గంగాధరప్ప తల్లి బయమ్మ అప్పుడు నోరు విప్పింది.

"నాకో తొట్టి కావాల. కాళ్ళు బారజాపుకోని గొంతుదాకా నీళ్ళల్లో కూర్చోవాల."

అందరూ ఆమె వైపు తిరిగారు. బయమ్మ ఏదైనా కావాలని అడగడం వాళ్ళకు కొత్త.

ఆమె పుట్టిల్లు కుందుర్పి పక్కన ఒక పల్లె. తండ్రి బావిలో తమ్ముడు ఎర్రప్పతో పోటీపడి దూకి, కళ్ళు ఎర్రబడేదాకా ఈదిన మనిషి. పెళ్ళయి ముదిగుబ్బకు వచ్చాక ఆమె వాటాకు వచ్చింది ఒక బకెట్. అందులోనూ కాసిన్ని మిగిల్చి కరివేపాకు చెట్టుకు పోయాలి. తమ్ముడితో ఇప్పుడు మాటలు కూడా లేవు. అతని కూతురి పెళ్ళిలో తనను రెండో బంతిలో కూర్చోబెట్టారని ఆమె అలిగి వచ్చేసింది. చెప్పకుండా వెళ్ళిపోయిందని అతనూ అలిగాడు. బావి గుర్తొస్తే తమ్ముడు గుర్తొచ్చేవాడు, తమ్ముడు గుర్తొస్తే బావి. రెండింటి గురించీ ఆమె ఎవరితోనూ అనేది కాదు.

"తొట్టికి నీళ్ళు యాడివి అత్తా?" అంది వనజాక్షి. "కుళాయి వచ్చేదే ఎప్పుడో ఒకతూరి."

"తొట్టి ఉంటే ఏదో ఒక దినం నిండుతాదిలేమ్మా. తొట్టే లేకపోతే యాడ నిలబడతాయి నీళ్ళు?"

సోమప్ప సున్నం డబ్బా తీశాడు. "తొట్టిని భూమిలోకి దించితే పెద్దమ్మ దిగేకి సులువు. ఒక్కతూరి ఈడ పండుకో పెద్దమ్మా, కొలత తీసుకుంటా."

బయమ్మ నేల మీద వెల్లకిలా పడుకుంది. చేతులు ఒంటికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. మెడ చుట్టూ నీళ్ళు ఊగుతున్నట్టు అనిపించిందేమో, కదలకుండా అలాగే ఉండిపోయింది. సోమప్ప ఆమె చుట్టూ సున్నంతో గీత గీశాడు. గాలికి సున్నం లేచి వనజాక్షి కళ్ళల్లో పడింది. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "ఇంత చోటూ నీకే పోతే మేమేం కావాలత్తా!" అని గట్టిగా అంది. చెమట తుడుచుకోవడానికి గంగాధరప్ప తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి అరుణజ్యోతి స్కూటీ మీద ఆ దారిన పోయింది. గృహప్రవేశానికి పోతూ మైలపడకూడదు కనుక ఆగలేదు. కాస్త దూరం పోయాక మాత్రం బండి ఆపి, ఊరి వాట్సాప్ గ్రూపులో తన ఫోనులో ఉన్న బయమ్మ పాత ఫొటో పెట్టి, చేతులు జోడించిన బొమ్మలు వరసగా గుచ్చింది.

ఇదేమీ తెలియని బయమ్మ లేచి చీర దులుపుకుంది. తొట్టికి వేసే టైల్స్ తనే చూసి ఎంచుకుంటానని, లహరిని వెంటబెట్టుకుని ధర్మవరం బస్సెక్కింది. సోమప్ప గీత వెంబడి గుంత తవ్వించడం మొదలుపెట్టాడు.

కాసేపటికి గంగాధరప్ప ఫోను మోగింది. పక్కనే కాంక్రీటు కలిపే మిల్లరు గురగురమంటోంది. అవతల మేనమామ ఎర్రప్ప గొంతు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ గొంతు వినేసరికి గంగాధరప్ప పొంగిపోయాడు.

"గంగాధరా, అక్క పోయిందంట కదప్పా?"

"పోయింది మామా. పొద్దున్నే పోయింది."

"బాధేమన్నా పడిందా?"

"బాధెందుకు మామా? నవ్వుకుంటానే పోయింది. అమ్మ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు."

"పోయేముందు ఏమన్నా అనిందా?"

"నీళ్ళు కావాలనింది. గొంతుదాకా నీళ్ళు కావాలనింది మామా. మీ బావి గుర్తుకొచ్చిందేమో."

అవతల ఏదో పెద్ద శబ్దం వచ్చింది. మిల్లరు మోతలో అది గంగాధరప్పకు నవ్వులా వినిపించింది. "వస్తాండా" అన్న మాట ఒక్కటే అర్థమైంది.

"మామ వస్తాండాడే!" అని భార్యతో చెప్పి మురిసిపోయాడు. "అమ్మ టైల్స్‌కు పోయిన సంగతి కూడా తెలుసు ఆయనకు!"

మధ్యాహ్నం దాటాక దండలతో బంధువులు దిగడం మొదలైంది. పుట్టపర్తి నుంచి జీపు నిండా వచ్చారు. అందరికన్నా ముందు దిగిన పెద్దక్క, గంగాధరప్ప దాయాదుల్లో పెద్దది, తవ్విన గుంతను చూసి గుండెలు బాదుకుంది.

"పొలంలో అంత చోటుంటే ఇంట్లోనే పెడతాండారా నాయనా!"

సంగతి ముందుగా అర్థమైంది వనజాక్షికి. "అయ్యో, అత్త బతికే ఉండాది! అది స్నానాల గది!" అని అరిచింది. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఆమెను చెరో వైపు పట్టుకుని నీడలో కూర్చోబెట్టారు. అత్తాకోడళ్ళు ఇంత ప్రేమగా ఉండేవాళ్ళని తమకు తెలియదని ఒకరితో ఒకరు అనుకున్నారు.

"నిజంగానే పెద్దక్కా, అమ్మ ధర్మవరం పోయింది. వస్తాది," అన్నాడు గంగాధరప్ప.

పెద్దక్క అతని వీపు నిమిరింది. "వస్తాది నాయనా, వస్తాది. నీ బిడ్డ కడుపున వస్తాది."

ఫోను చేసి తల్లి చేత మాట్లాడిద్దామంటే లహరి ఫోను పలకలేదు. గంగాధరప్ప ఎంత మొత్తుకుంటే జనం అంత జాలిపడ్డారు. ఆఖరికి బస్సు వచ్చి ఆగింది. నీలం టైలు ముక్క ఒకటి కొంగులో చుట్టుకుని బయమ్మ దిగింది. ఏడుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరి చేతిలోంచో దండ జారిపడింది.

"ఏమే వనజా, ఇంతమంది వచ్చినారు, ఎవరు పోయినారే?"

"నువ్వే అత్తా," అంది వనజాక్షి.

జరిగినదంతా విని బయమ్మ కోప్పడలేదు. వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయింది. చివరిదాకా చూసి, మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"ఎర్రప్ప రాలేదా?"

"వస్తాండానని ఫోన్ చేసినాడమ్మా," అన్నాడు గంగాధరప్ప దారి వైపు చూస్తూ.

"చచ్చినా రాడా వాడు!" అంటూ ఇటుకల మీద కూలబడింది. మధ్యాహ్నం నుంచి అంతమంది ఏడ్చిన చోట ఆమె ఇప్పుడు నిజంగా ఏడ్చింది.

పొద్దు వాలే వేళకు నీళ్ళ డ్రమ్ములతో ఒక టెంపో వచ్చి ఆగింది. ముందు సీటులోంచి ఎర్రప్ప దిగి నేరుగా గుంత దగ్గరికి పోయి, "అక్కా! కడసారి మన బావి నీళ్ళే పోయాలని తెచ్చినానక్కా!" అని బోరుమన్నాడు.

"తెస్తే తెచ్చినావు. ఇంత పొద్దుపోయి రావల్లనా?" అంది వెనక నుంచి బయమ్మ.

ఎర్రప్ప వెనక్కి తిరిగి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "మోసం చేస్తివి కదక్కా! చచ్చిపోతివని గదా నేను వచ్చింది!"

"అయితే పో!" అంది ఆమె. చేతులు మాత్రం వదల్లేదు.

శవానికని తెచ్చిన నీళ్ళు ఏం చేయాలని పెద్దలు తర్జనభర్జన పడ్డారు. వెనక్కి తీసుకుపోకూడదని కొందరు, బతికిన మనిషికి పోయకూడదని కొందరు.

"నేను బతికిండానో చచ్చిండానో నీళ్ళకేం తెలుసప్పా? పొయ్యండి!" అంది బయమ్మ.

సోమప్ప గుంతలో టార్పాలిన్ పరిచాడు. డ్రమ్ములన్నీ ఒంపారు. ఆడవాళ్ళు చుట్టూ చీరలు అడ్డం పట్టారు. బయమ్మ మెల్లగా దిగి, కాళ్ళు బారజాపి, గొంతుదాకా నీళ్ళల్లో కూర్చుంది. ఆమె కళ్ళు మూసుకుంది. చీర పట్టుకున్న వనజాక్షి ఆ నీళ్ళ వైపే చూస్తూ నిలబడింది.

చీరల ఇవతల ఎర్రప్ప మేనల్లుడిని పక్కకు లాగాడు. "మన బావి ఎండిపోయి శానా ఏండ్లాయెనప్పా. దారిలో ఎవరిదో బోరు కాడ పట్టించుకోని వచ్చినా. అక్కతో అనొద్దు."

చీరల అవతల బయమ్మ చేతులకు సబ్బు రుద్దుకుంటూ, కోడలిని కిందికి వంగమని చెవిలో చెప్పింది. "ఇవి మా బావి నీళ్ళు కాదే. అవి ఉప్పు నీళ్ళు, సబ్బు నురగే వచ్చేది కాదు. ఇవి చూడు, ఎంత నురగొస్తాండాదో. వానితో అనొద్దు."

"నీళ్ళెట్లుండాయక్కా?" అని ఎర్రప్ప బయటి నుంచి కేకేశాడు.

"అట్నే ఉండాయిరా," అంది బయమ్మ. "అట్నే చల్లగా ఉండాయి."

ఆ పూట ఎర్రప్పను మొదటి బంతిలో, అక్క పక్కన కూర్చోబెట్టి వడ్డించారు. బంధువులంతా కడుపునిండా తిని బయలుదేరారు. జీపు ఎక్కుతూ పెద్దక్క గంగాధరప్పను పిలిచి, అందరి తరఫునా ఒక మాట చెప్పింది.

"ఈసారి నువ్వే ఫోన్ చేయప్పా."