సేతుమాధవరావుగారి పెట్రోలు విజయము

స్వస్తి! సిద్ధార్థి నామ సంవత్సర వైశాఖమున, ఎండ నెత్తిన పెనము బోర్లించినట్లు కాయుచుండగా, పత్తిమిల్లుల ధూళిచే ధూసరితమైన ఆదోని పట్టణమున, సంస్కృత పండితుడును, వృద్ధ అంబాసిడరు రథాధిపతియును, ధర్మపత్నికి దక్క అన్యులకు వెరవనివాడును అగు సేతుమాధవరావు సల్పిన పెట్రోలు సమరమును చెప్పెద, చెవియొగ్గి వినుడు.

ఆ రథమునకు పట్టినది మామూలు దాహము కాదు. పోసినది పోసినట్లే హరించి, నల్లని పొగను వీధిపై చిమ్ముచుండెను. రావుగారు టైర్లకు గాలి కొట్టించెను. ప్లగ్గుల మసి గోకించెను. టాంకు క్రింద వెల్లకిల పడుకొని చిల్లికై వెదకెను. చివరకు పక్కింటి వారినీ అనుమానించి, నాలుగు దినములు వారితో మాటలాడుట మానెను. మెకానిక్కు హుసేనప్ప కార్బురేటరు విప్పి, కడిగి, బిగించి, ఆస్పరి దాక తానొక్కడే తోలివచ్చి, చేతులు తుడుచుకొనుచు ఇట్లనెను:

“సామీ, నేను తోలితే బాగనే పోయినాది. మీరూ అమ్మా పోతేనే తాగుతాండాది. బండికి రోగం లేదప్పా!”

మరి రోగము తనకున్నదనియా వీని భావము? పండితునికి ఆ రాత్రి అన్నము సహింపలేదు.

అంతట ధర్మపత్ని కమలాబాయి తీర్పు చెప్పెను. “ఇంక చాలండీ. బేస్తవారం ఎమ్మిగనూరుకు మా తమ్ముడింటికి పోతాం కదా. ఒక్క డబ్బా పెట్రోలు పోయండి. దాంతోనే పోయి ఇంటికొస్తే సరి, లేకుంటే బండిని తిక్కయ్యకు ఇచ్చేయండి.”

హొళగుంద రైతు తిక్కయ్య ఆ రథము గుండెయగు ఇంజనును పెరికి, తన బావి పంపుకు తగిలింపదలచి, కొన్నాళ్లుగా రావుగారి అరుగు విడువకుండెను. రావుగారికి ప్రాణము విలవిలలాడెను. బడిలో పిల్లలు వినరు, ఇంట మాట చెల్లదు. స్టీరింగు వెనుక కూర్చున్నంతసేపే ఆయన రాజు.

గురువారమున రథము కదలెను. అలవాటు ప్రకారము రావుగారు ముందు నిలిచి, చెమటలు గ్రక్కుచు హ్యాండిలు త్రిప్పగా, కమలాబాయి లోపల ఆసీనురాలాయెను. దారి పొడుగునా వెనుక నల్లని పొగ. ఎమ్మిగనూరు చేరునప్పటికి డబ్బాలో సగమునకు పైగా ఆవిరియైనదని పెట్రోలు ముల్లు చాటెను. బావమరిది వాదిరాజ ఇంట వడ్డించిన భక్ష్యములు రావుగారికి మట్టివలె తోచెను.

తిరుగు ప్రయాణమున విధి కరుణించెను. అలసిన బావను చూచి జాలిపడిన వాదిరాజ, “మీరు కూర్చోండి బావా, నేను తిప్పుతా” అని హ్యాండిలు అందుకొనెను. హ్యాండిలు త్రిప్పు ఘడియలో రావుగారు లోపల కూర్చుండుట అదియే తొలిసారి. కూర్చుండి చూచెను!

గురువారము కమలాబాయికి ఒక్కపొద్దు. మిగిలిన దినములందును బయటికి పోయిన తాను మడితో తోడిన నీరే త్రాగును. పదిమంది కూర్చున్న సీటుపై ఆ నీరున్న రాగిచెంబును పెట్టిన మైల. కనుక ఆ సాధ్వి ఎదుటనున్న నల్లని పిడిని బయటికి లాగి, కొక్కెముగా చేసి, చెంబు త్రాడును దానికి తగిలించెను. ప్రతి ప్రయాణమునను ఆమె చేయునది అదియే. చెంబు మేకుకు వ్రేలాడుచున్నదని రావుగారు ఇన్నాళ్లు నమ్మియుండెను.

“ఆహా, చోకు పిడీ!” అని పండితుడు గర్జించెను. “చలి ప్రొద్దున ఇంజనును మేల్కొల్పుటకు మాత్రమే లాగదగిన నీవు, ఈ నిప్పుల ఎండలో దారి పొడుగునా నోరు తెరచి పెట్రోలు త్రావించుచుంటివా!”

“ఎవరిని తిడతాండారు?”

“నీ చెంబు వల్లనే, కమలా...”

“నా చెంబులో నీళ్లు పెట్రోలు తాగుతాయా?”

వీరుని కంఠము సగమునకు దిగెను. “నీళ్లు కాదే, ఆ పిడి. లాగితే తాగుతుంది.”

“లాగకుంటే చెంబు యాడ పెట్టాల? మైలపడదా?”

ధర్మమొకవైపు, పెట్రోలొకవైపు. రావుగారు ముల్లును చూచెను. కమలాబాయి మాత్రము ఆయన ముఖమును చూచెను. ఏమి తోచెనో, త్రాడు విప్పి, పిడిని లోపలికి నొక్కి, చెంబును గాలిలో చేతపట్టుకొనెను.

“పోనీండి” అనెను.

పొగ మాయమాయెను. గుంట వచ్చినపుడెల్ల నీరు ఆమె మోచేతి మీదుగా కారెను. చేయి మార్చెనే కాని, చెంబును దింపలేదు. ఆదోని కొండలు కనబడెను, మిల్లు గొట్టములు కనబడెను. స్వగృహపు గేటులో ముందు చక్రములు దూరినంతనే ఇంజను ఒక్క దగ్గు దగ్గి, కన్నుమూసెను.

అరుగుపై నుండి తిక్కయ్య లేచెను. “అమ్మా, సగం బయటే ఉండాది కదమ్మా!”

కమలాబాయి చెంబుతో దిగి, తడిసిన కొంగు పిండుకొనుచు అనెను: “స్టీరింగు లోపలే ఉండాది. ఇంక నువ్వు పోయి రా తిక్కయ్యా.”

ఇట్లు సగము కారుతో సంపూర్ణ విజయమును సాధించిన సేతుమాధవరావు మిగిలిన సగమును గెలుచుటకై దిగి వెనుకకు పోగా, ఓడిన శత్రువు తలపాగా సవరించుకొని, తానును ఒక చేయి వేసి తోసెను.