జడ్జిగారి వెనకాల బడి

ఆ పొద్దున బొమ్మల టీచర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. బడికి వెళ్ళేలోపు ఒక కార్డు తయారు చెయ్యాలి, అంతే. ఇలాంటి చిన్న పనులే కొంప ముంచుతాయని ఆమెకు తెలియకపోలేదు. కానీ పొయ్యి మీద పాలు, చేతిలో కత్తెర, నోట్లో హెయిర్‌పిన్ను ఉన్న మనిషికి అంత దూరం ఆలోచించే తీరిక ఎక్కడిది?

బొమ్మల టీచర్ అంటే డ్రాయింగు చెప్పే టీచర్ కాదు. మామూలు పద్ధతిలో పాఠం ఎక్కని పిల్లలకు వేరే దారిలో ఎక్కించడం ఆమె ఉద్యోగం. మూడో తరగతిలో ఆటిజం ఉన్న పాప ఒకతి ఉంది. తెలివికి లోటు లేదు. తర్వాత ఏం జరగబోతోందో ముందుగా తెలియకపోతే మాత్రం ప్రాణం విలవిల్లాడిపోతుంది. చెవులు మూసుకుని గదిలోంచి పారిపోతుంది. అందుకని టీచర్ తరగతి గోడకు ఒక బోర్డు తగిలించి, రోజులో జరిగే ప్రతి పనికీ ఒక బొమ్మ కార్డు వరసగా అంటించింది. ఒక పని అయిపోగానే పాప ఆ కార్డు పీకి కింద ఉన్న డబ్బాలో వేసి, తర్వాతి కార్డు వంక చూస్తుంది. ఇక అందులో ఉన్నది జరిగి తీరాల్సిందే. తీర్పు వచ్చాక అప్పీలు ఉండదు కనుక, స్టాఫ్ రూములో పాపకు జడ్జిగారని పేరు పడింది.

ఇవాళ లెక్కల క్లాసు తర్వాత మూడో తరగతికి గ్రూపు ఫొటో. ఈ సంగతి ప్రిన్సిపాల్ గారు నిన్న సాయంత్రం ఇంటికి వెళ్తూ వెళ్తూ బొమ్మల టీచర్‌కి చెప్పారు. ఫొటోకు కార్డు లేదు. కార్డు లేని పని పెడితే జడ్జిగారు కోర్టు వదిలి వెళ్ళిపోతారు. పైగా ఇవాళే పై ఆఫీసు నుంచి అధికారి వస్తున్నారు. పాపను ఈ బడిలోనే ఉంచాలా, ఊరి చివరి ప్రత్యేక బడికి పంపాలా అన్నది ఇవాళ తేలిపోతుంది. ఆ బడి చెడ్డదేం కాదు. కానీ పక్క బెంచీ పిల్లను పాప ఈమధ్యే పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. ఆ ఒక్క స్నేహం తెగిపోతుందేమోనని తల్లికి దిగులు. టీచరుకూ అదే దిగులు.

"ఏమండీ, ఒక్క బొమ్మ గీసిపెట్టరూ? పిల్లలు లైన్లో నిలబడి ఫొటో తీయించుకుంటున్నట్టు" అని భర్తను కేకేసింది.

ఆయన ఇళ్ళ ప్లాన్లు గీసే మనిషి. అడిగింది గోరంత, గీసింది కొండంత. తరగతి గది, తలుపు, వరండా, మెట్లు, మైదానం, అన్నీ పైనుంచి చూసినట్టు స్కేలు పెట్టి మరీ గీశాడు. గదిలోంచి మైదానం దాకా లావుపాటి బాణం గుర్తులు వేశాడు.

"మనుషులు చీమల్లా ఉన్నారేంటండీ?"

"స్కేలు ప్రకారం అంతే ఉంటారు."

"మరి కెమెరా ఏదీ?"

"అదిగో, స్టాండు మీద."

"అది స్టూలనుకుంటారు. కెమెరా అని తెలియాలి కదా!"

దాంతో ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. రంగు పెన్సిళ్ళు తీసి, స్టాండు మీద ఫ్లాషు వెలిగినట్టు నారింజ రంగు పులిమి, చుట్టూ ఎర్రగా మొనలు తీర్చాడు. అటుగా వెళ్తున్న అత్తగారు కొడుకు భుజం మీదుగా తొంగి చూసింది.

"మంట భలే వచ్చిందిరా" అని మెచ్చుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అత్తగారి మాట పెడచెవిన పెట్టడం టీచరుకు కొత్త కాదు. ఆ రోజు మాత్రం పెట్టకుండా ఉండాల్సింది. కార్డు సంచిలో వేసుకుని బయల్దేరింది.

బడి మొదలయ్యే ముందే పాపను పట్టుకుని కార్డు చూపించింది. బాణం గుర్తుల వెంట మైదానంలోకి నడిపించి, సుద్దతో గుండ్రంగా గీత గీసి అందులో నిలబెట్టింది. తనే కెమెరా అయిపోయి ఎదురుగా నిలబడి "క్లిక్" అంది.

"ఇది ఫొటో అమ్మా. లెక్కలయ్యాక లైన్లో వస్తాం. నిలబడతాం. క్లిక్. మళ్ళీ క్లాసుకి. సరేనా?"

పాప కార్డునూ మైదానాన్నీ మార్చి మార్చి చూసింది. "ఇందులో కుళాయి లేదు" అని ప్లానులో తప్పు పట్టి, ఆ తర్వాత సరేనంది.

ఫొటో సంగతి లెక్కల మాస్టారికి ప్రిన్సిపాల్ గారు చెప్పే ఉంటారని టీచర్ అనుకుంది. ఒకరికి చెబితే అందరికీ చెప్పినట్టేనన్నది ప్రిన్సిపాల్ గారి అలవాటు. ఆ ఒక్కరూ తనేనని టీచరుకు తట్టలేదు. బోర్డు మీద కార్డు అంటించి, మేడ మీద ప్రిన్సిపాల్ గదికి వెళ్ళిపోయింది.

అక్కడ అధికారి, పాప తల్లి అప్పటికే కూర్చుని ఉన్నారు. తల్లి చేతిరుమాలును నలిపి నలిపి తాడు చేసేసింది.

"పాప మీద నాకేం కోపం లేదండీ" అంటున్నారు ప్రిన్సిపాల్ గారు. "క్లాసంతా ఒక దారి, ఈ పాపది ఒక దారి. మొన్న పీరియడ్ మారిస్తే గేటు దాకా పరుగెత్తింది. రేపు రోడ్డు మీదికి వెళ్తే ఎవరండీ బాధ్యత?"

"ఆ రోజు నేను సెలవులో ఉన్నాను మేడం. ముందు చెబితే పాప చక్కగా ఉంటుంది" అంది టీచర్.

అధికారి తక్కువ మాట్లాడే మనిషి. కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "చెప్పని మార్పు వస్తేనో?"

టీచర్ గోడ గడియారం వంక చూసింది.

సరిగ్గా అప్పుడే కింద మూడో తరగతిలో లెక్కలు అయిపోయాయి. పాప లేచి, లెక్కల కార్డు పీకి డబ్బాలో వేసి, తర్వాతి కార్డు కింద నిలబడింది. లెక్కల మాస్టారు వచ్చి చూశారు. గది, తలుపు, బయటికి బాణాలు, మైదానంలో బారులు తీరిన జనం, ఒక మూల భగభగ మండుతున్న ఏదో సామాను.

ఆయన బుర్ర లెక్కలకు అలవాటు పడ్డ బుర్ర. అధికారి వచ్చారు, మంట బొమ్మ పెట్టారు, తనకు చెప్పలేదు; మూడూ కలిపితే ఆకస్మికంగా పెట్టిన ఫైర్ డ్రిల్ అని తేలింది. ఎవరినైనా అడిగి ఉంటే పోయేది. కానీ 'నాకు తెలియదు' అన్న ముక్క ఆయన నోట్లోంచి ఊడిపడేది కాదు.

"లేవండి, లేవండి! లైన్లో బయటికి! తోసుకోకండి!" అని కేకేసి, ఎందుకైనా మంచిదని కార్డు పీకి జేబులో పెట్టుకున్నారు. పాపకు దారి తెలుసు కనుక పాపే ముందు నడిచింది.

వరండాలో సైన్స్ టీచర్ ఎదురైంది. "ఎక్కడికి మాస్టారూ, ఊరేగింపుగా?"

"ఫైర్ డ్రిల్ కదండీ. మీకు చెప్పలేదా?"

ఆమె ఒక్క క్షణం తడబడింది. "అయ్యో, ఎందుకు చెప్పలేదూ! వస్తున్నాం, వస్తున్నాం" అని గబగబా తన క్లాసును లేపేసింది. అటు తర్వాత ఆ ప్రశ్న గది గదికీ పాకింది. ప్రతి గదిలోనూ అదే తడబాటు, అదే "ఎందుకు తెలీదూ!" అన్న జవాబు. చూస్తుండగానే బడి సగం మైదానంలో ఉంది. గుమాస్తా ఆఫీసు తాళాలు పట్టుకుని వచ్చేశాడు. బడంతా బయటికి వస్తుంటే తను బెల్లు కొట్టలేదంటే ఉద్యోగానికి ఎసరొస్తుందని అటెండర్‌కి భయం పుట్టి, రెండు చేతులా గంట మీద పడ్డాడు.

మేడ మీద ఆ గంట విని ప్రిన్సిపాల్ గారి మొహం పాలిపోయింది. డ్రిల్ పెడితే తనే పెట్టాలి. తను పెట్టలేదు. కిటికీలోంచి చూస్తే బడి బడంతా బయట ఉంది. కాబట్టి మంట నిజమే! వీధి చివరే ఉన్న అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేసి, "త్వరగా రండి బాబూ, పిల్లలు!" అని అరిచేసి మెట్ల వైపు పరుగు తీశారు. వెనకాల అధికారీ పరుగే.

టీచర్ కుర్చీలోంచి దిగ్గున లేచింది. మంటకు కాదు, గంటకు. అంత మోతకు పాప ఉన్నచోట ఉండదు. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని, "గేటు తీసి ఉంది టీచర్ గారూ!" అని ఏడుస్తూ లాగింది. ఇద్దరూ మెట్లు ఎలా దిగారో వాళ్ళకే తెలియదు.

వాళ్ళు కిందికి వచ్చేసరికి అగ్నిమాపక వాహనం అరుచుకుంటూ లోపలికి దూసుకొచ్చింది. సిబ్బంది గొట్టం భుజానేసుకుని దూకారు.

"మంటెక్కడమ్మా?"

"మంటెక్కడండీ?" అని ప్రిన్సిపాల్ గారు గుమాస్తాను అడిగారు.

"నేను చూడలేదండీ. సైన్స్ మేడం వస్తుంటే వచ్చాను."

"నేనూ చూడలేదండీ. లెక్కల మాస్టారు చెప్పారు."

అందరూ లెక్కల మాస్టారి వైపు తిరిగారు. ఆయన ఇలాంటి సందర్భం కోసమే దాచినట్టు జేబులోంచి కార్డు తీశారు. "ఇదిగోనండీ ఆధారం. మంట!"

"అది ఫ్లాషు మాస్టారూ! ఇవాళ మూడో తరగతికి ఫొటో!" అంది టీచర్. ఆమె కళ్ళు మాత్రం మైదానమంతా వెతుకుతున్నాయి.

పాప అక్కడే ఉంది. సుద్ద గీత మధ్యలో రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, కళ్ళు బిగించుకుని, చెంపల మీద నీళ్ళు కారుతుంటే నిలబడి ఉంది. పక్క బెంచీ పిల్ల ఆ పక్కనే నిలబడి, పాప గౌను అంచు పట్టుకుని ఉంది. పాప పెదవులు కదులుతున్నాయి. "లైన్లో నిలబడతాం. క్లిక్. మళ్ళీ క్లాసుకి. లైన్లో నిలబడతాం. క్లిక్. మళ్ళీ క్లాసుకి."

తల్లి దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో టీచర్ అంత సంతోషపడ్డదీ, అంత భయపడ్డదీ లేదు.

"చాలండీ చాలు!" అన్నారు ప్రిన్సిపాల్ గారు రొప్పుతూ. "ఈ కార్డుల గోల ఇవాల్టితో బంద్! ఒక్క బొమ్మ బడినంతా వీధిన పడేసింది!"

"ఫొటో సంగతి మాస్టారికి ఎవరు చెప్పాలి మేడం?" అని అధికారి మెల్లగా అడిగారు.

ప్రిన్సిపాల్ గారు నిన్న సాయంత్రం గుర్తొచ్చి, నేల చూపులు చూశారు.

అంతలో గేటు దగ్గర నుంచి ఫొటోగ్రాఫర్ స్టాండు మోసుకుంటూ వచ్చాడు. బారులు తీరిన బడినీ, ఎర్ర వాహనాన్నీ చూసి బిత్తరపోయాడు. "ఒక్క క్లాసే అన్నారు కదండీ?"

అటెండర్ గంట మీంచి చేతులు తీశాడు. మోత ఆగింది. పాప ఒక కన్ను తెరిచి స్టాండును చూసింది. రెండో కన్నూ తెరిచింది. చెవుల మీంచి చేతులు దించి, "ఫొటో" అంది. తర్వాత మైదానమంతా కలియజూసి, ప్రిన్సిపాల్ గారి దగ్గర ఆగి, "మీరు లైన్లో లేరు" అంది.

అప్పీలు లేదు. ప్రిన్సిపాల్ గారు వెళ్ళి లైన్లో నిలబడ్డారు. ఆ తర్వాత మిగతా వాళ్ళు మాత్రం నిలబడక ఏం చేస్తారు? సైన్స్ టీచర్ జుట్టు సవరించుకుంది. గొట్టం పట్టుకున్న మనిషి హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఫొటోగ్రాఫర్ వెనక్కి, ఇంకా వెనక్కి, గోడ తగిలేదాకా వెనక్కి నడిచి బటన్ నొక్కాడు.

క్లిక్.

"అయిపోయింది. మళ్ళీ క్లాసుకి" అని పాప గీత దాటి నడిచింది. పక్క బెంచీ పిల్ల ఆమె వెనకే నడిచింది, ఆ వెనక మూడో తరగతి, దాని వెనక నాలుగు, అయిదు. ఎవరూ కేకెయ్యలేదు, ఎవరూ తోసుకోలేదు. అంత ఒద్దికగా ఆ బడి లోపలికి వెళ్ళడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఆఖరి పిల్లాడు లోపలికి వెళ్ళేదాకా అధికారి చూశారు. "చెప్పని మార్పు వస్తే ఏం చేస్తుందని అడిగాను కదమ్మా" అన్నారు టీచర్‌తో. "పెద్దవాళ్ళం మనమందరం పరుగెత్తాం. ఉన్నచోట నిలబడింది ఆ పాప." తర్వాత ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగారు. "క్లాసంతా ఒక దారి, పాపది ఒక దారి అన్నారు. నాకు ఒకే దారి కనబడింది మేడం. పాప ఇక్కడే చదువుకుంటుంది."

తల్లి టీచర్ చేతులు పట్టుకుని ఏడ్చింది. టీచర్ కూడా ఏడ్చింది. లెక్కల మాస్టారు కార్డును ఇటు తిప్పి అటు తిప్పి చూస్తూ, అది ఫ్లాషని తనకు మొదటినుంచీ అనుమానంగానే ఉందని అగ్నిమాపక సిబ్బందికి చెబుతున్నారు.

మర్నాడు బడి మొదలవకముందే మూడో తరగతి గదిలోకి వచ్చి, ఇవాళ ఏమేం ఉన్నాయో బోర్డు చూసుకుని వెళ్ళింది ప్రిన్సిపాల్ గారే.