నల్లమట్టికి కప్పిన శాలువా

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఈ కథ మొదలయ్యేనాటికి అందులో సగమే మిగిలిందనుకోండి, జంతువులన్నీ వ్యవసాయంలోకి దిగాయి. పోయిన సగాన్ని దున్ని జొన్న వేశాయి. కోత కాగానే మోళ్లకు నిప్పు పెట్టేవి. పొలం శుభ్రంగా కనిపిస్తే వాటికి అదో తృప్తి.

పన్నెండేళ్లు తిరిగేసరికి మిగిలిన సగమూ దాదాపు పొలాలైపోయింది, నేల బూడిద రంగుకు వచ్చింది. ఎండలు మండిపోయాయి. వాన రావలసినప్పుడు రాదు, వచ్చిందంటే పైమట్టినంతా ఏట్లోకి ఊడ్చుకుపోతుంది.

అలాంటప్పుడు ఏడడవుల సమాఖ్య నుంచి ఓ కాగితం వచ్చింది. కార్యదర్శి నక్క దాన్ని సింహానికి వివరించింది.

"ప్రభూ, ఆకూ అలమూ తగలబెడితే ఆ పొగే గాలిలో చేరి ఎండల్ని పెంచుతుందట. కుళ్లనిస్తే చాలావరకు మట్టిలోనే దాక్కుంటుందట. అందుకని అన్ని అడవుల మట్టినీ పరీక్షిస్తారట. మట్టి పాడైన అడవికి మూడేళ్లపాటు కాలువ నీళ్లు, ఆకు ఎరువు ఇస్తారు. మట్టి బాగున్న అడవి రాజుకు 'శీతల వన చక్రవర్తి' బిరుదు, పట్టు శాలువా ఇస్తారు."

"మనకేది వస్తుంది?"

"న్యాయంగా అయితే నీళ్లు, ఎరువు."

సింహం మొహం మాడ్చుకుంది. "అన్యాయంగా అయితే?"

"శాలువా, ప్రభూ."

"మరింకేం, ఆ సంగతి చూడవయ్యా."

అడవి చివర ఏదుపంది గవరమ్మకు అరెకరం చెక్క ఉంది. ఆవిడ ఏనాడూ మోళ్లు కాల్చలేదు, నాగలి పెట్టలేదు. రాలిన ఆకుల్ని ఈడ్చుకొచ్చి పరవడం, జొన్నల మధ్య ఉలవలు చల్లడం, పన్నెండేళ్లుగా ఇదే పని. అందరూ దాన్ని చెత్తపొలం అని వెక్కిరించేవారు. కానీ వేలు పెడితే దిగిపోయే నల్లమట్టి అది. గుప్పెడు తీస్తే నాలుగు వానపాములు వచ్చేవి. ఆవిడకున్న ఆస్తల్లా అదే.

మర్నాడు పొద్దున్నే నక్క ముప్ఫైమంది రైతుల్ని, ముప్ఫై బుట్టల్ని వెంటబెట్టుకుని దిగింది.

"పెద్దమ్మా, పొలానికో నమూనా కావాలి. తలా ఒక బుట్ట తీసుకుంటాం."

"ఎవరి పొలంలో వాళ్లు తీసుకోవచ్చుగా నాయనా?"

"తీస్తే ఏముంది, బూడిద! అడవి పరువు పోదూ?"

"నాది జానెడు మందం మట్టి. అది పోతే కింద మొరమే. ఆనక నేనేం తినాలి?"

"మళ్లీ చేసుకుందువుగాని. నీకు చేతనైన పనేగా!"

ఎలుగుబంటి కాస్త సిగ్గుపడి చిన్నబుట్ట తెచ్చింది. రెండుసార్లు నింపుకుంది. అడవిదున్న బుట్ట మర్చిపోయి బండి తెచ్చింది. తనిఖీవాళ్లు పొలాల్లోకి తొంగిచూస్తారేమోనని, మిగిలిన మట్టిని నక్క దారి పక్క పొలాల మీద పల్చగా పరిపించింది. సాయంత్రానికి గవరమ్మకు గొయ్యి మిగిలింది. ఆ గట్టున కూర్చుని ఆవిడ కడుపు మండి ఏడ్చింది. ఒంటినిండా అన్ని ముళ్లుండీ ఆ నక్కకు ఒక్కటైనా గుచ్చలేదేమని నాకిప్పటికీ కోపమే.

తనిఖీకి కొంగ వచ్చింది. కాలికి మట్టంటకుండా నడిచి, వరుసగా బుట్టల్లో ముక్కు పెట్టింది. ప్రతి బుట్టలోనూ వానపాములే. ముప్ఫయ్యో బుట్ట దాటేసరికి దానికి కడుపు నిండిపోయింది.

"అద్భుతం!" అని త్రేన్చింది. "ముప్ఫై పొలాల మట్టీ ఒక్కలాగే ఉందే?"

"మా దగ్గర క్రమశిక్షణ ఎక్కువండీ," అంది నక్క.

శాలువా వచ్చింది. వారం తిరక్కుండా రెండో కాగితమూ వచ్చింది.

"మీ నేలకు ఏ సాయమూ అక్కర్లేదని తేలింది. కాబట్టి కాలువ నీళ్లు, ఎరువు పక్క అడవికి మళ్లించాం. ఇంతటి మట్టి మీ దగ్గరుండగా తక్కిన ఆరు అడవులూ మాడిపోవడం భావ్యం కాదు. ఒక్కో అడవికి నలభై బండ్ల నల్లమట్టి పన్నెండు రోజుల్లో పంపండి. పంపకపోతే మీ ఏటికి అడ్డుకట్ట వేస్తాం."

అందరూ గవరమ్మ దగ్గరికి పరుగెత్తారు. "అర్జంటుగా మట్టి తయారుచెయ్యి పెద్దమ్మా!"

"దానికేం, ఆకులు పరుస్తాను, తడుపుతాను. పన్నెండేళ్లు పోయాక రండి."

"గడువు పన్నెండు రోజులే!"

"అయితే నాగలి తగలని చోటు, నిప్పు పెట్టని చోటు ఇంకెక్కడైనా ఉందేమో వెతుక్కోండి."

జంతువులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. అలాంటి చోటు ఒక్కటే ఉంది. రాజుగారి నిద్ర చెడుతుందని ఆయన గుహ ముందున్న తోపులోకి ఎవరూ నాగలి తీసుకెళ్లలేదు. తాతల కాలం నుంచి ఆకు రాలి కుళ్లిన నేల అది.

ఏటికి అడ్డుకట్ట పడుతుందన్న భయంతో సింహం తలూపింది, రెండువందల నలభై బండ్లు లేచాయి. వేళ్లు బయటపడి చెట్లు ఒక్కొక్కటే ఒరిగాయి. పన్నెండో రోజు మిట్టమధ్యాహ్నం సింహం ఉత్త బండమీద కూర్చుని, పట్టు శాలువా నెత్తిన కప్పుకుంది.

"చల్లగా ఏమైనా ఉందా, కార్యదర్శీ?"

"బిరుదుంది, ప్రభూ."

పడిపోయిన చెట్ల ఆకుల్ని గవరమ్మ ఒక్కతే గోతిలోకి ఈడ్చుకుపోతోంది. పరిచి, తడిపి, ఉలవలు చల్లుతోంది. ఈసారి మాత్రం అన్నిటికన్నా పైన, ఎవరు చూసినా మొహం తిప్పుకునేలా, పల్చగా బూడిద జల్లుతోంది.

నీతి: నేలను బాగుచేయడం ఏమంత కష్టం కాదు, బాగుపడిందని పైవాళ్లకు తెలియనివ్వకపోవడమే అసలు వ్యవసాయం.