లోడు పెట్టకండి, ప్లీజ్!

లోకంలో సగం గొడవలకు కారణం ఏమిటో తెలుసా? వస్తువు పనిచేస్తుందో లేదో పని చేయించి మరీ చూడటం! ఈ దుర్గుణం ఒక్కటి మానుకుంటే మనమంతా ఎంత హాయిగా ఉంటామో మీరే ఆలోచించండి.

కొత్త కుర్చీ కొన్నారు. చూడటానికి ఎంత బాగుంది! దానిమీద కూర్చోమని మీకెవరు చెప్పారు? అంత ఖరీదైన గొడుగును వానలోకి తీసుకెళ్ళడం దేనికి? "ఎప్పుడేం కావాలన్నా ఒక్క ఫోన్ కొట్టు" అనే మిత్రుడు మీకూ ఒకడుంటాడు. బంగారంలాంటి మనిషి. ఇల్లు మారే రోజున బీరువా పట్టమని అతనికి నిజంగానే ఫోన్ కొట్టారనుకోండి, అప్పటిదాకా లేని నడుంనొప్పి బయటపడుతుంది, స్నేహం చెడుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

ఈ జ్ఞానాన్ని నాకు ప్రసాదించింది మా మేనకోడలు చదివే కాలేజీలోని ఎలక్ట్రానిక్స్ ల్యాబు.

అక్కడ పిల్లలంతా తలా ఒక పవర్ సప్లై తయారుచేయాలి. గోడలోంచి వచ్చే కరెంటు కుదురులేనిది, అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాని పొగరు తగ్గిస్తుంది. నాలుగు డయోడ్లు దాన్ని ఒకే దారిన నడిపిస్తాయి. కెపాసిటర్ ఎత్తుపల్లాలు పూడుస్తుంది. చివర రెగ్యులేటర్ అనే పెద్దమనిషి కూర్చుని, ఎవరెంత లాగినా ఐదు వోల్టులకు తగ్గనని మాటిస్తాడు.

మరి దీన్ని పరీక్షించడం ఎలా? మీటరు పెడతారు, ఐదు చూస్తారు, మార్కులు వేస్తారు. లోడు, అంటే కరెంటు లాగే బల్బులాంటిదేదీ, తగిలించరు. లాగేవాడే లేనప్పుడు పెద్దమనిషి మాట తప్పడం ఎలా కుదురుతుంది! ఒక డయోడు ఎప్పుడో కన్నుమూసిన సర్క్యూట్లు కూడా ఆ ల్యాబులో ఐదే చూపిస్తాయి. ఎంత దయగల పద్ధతి!

మా మేనకోడలికి ఈ దయ రుచించలేదు. ఇంట్లో దాన్ని టార్చిలైటు అంటాం. మంచం కింద చూడొద్దంటే అక్కడే చూస్తుంది. ఈ పిల్ల తన సర్క్యూట్‌కి ఒక చిన్న బల్బు తగిలించింది. అంతే, ఐదు కాస్తా మూడుకి జారిపోయింది. రెగ్యులేటర్ ముట్టుకుంటే వేలు చురుక్కుమంది.

గప్‌చుప్‌గా బల్బు పీకేయొచ్చు కదా? పీకలేదు. డయోడ్లు మార్చింది, పెద్ద కెపాసిటర్ తెచ్చింది. రెగ్యులేటర్ వేడిని లాగడానికి అల్యూమినియం రేకు కావాలని అడిగితే, స్టోరు కీపర్ "ఇస్తే వాడేస్తారమ్మా" అని అలమరాకి తాళం వేసుకున్నాడట. దాంతో తన టిఫిన్ డబ్బా మూతకే రెగ్యులేటర్‌ని బిగించేసింది.

"మూతేదే? బ్యాగంతా కూర!" అని మా అక్క కేకలు.

"ఐదు నిలబడిందమ్మా, బల్బు పెట్టినా నిలబడింది!" అని దీని గెంతులు.

ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. ఇందులో తప్పితే చివరి ఏడాది ప్రాజెక్టుకి రానివ్వరు. అంత ముఖ్యమైన పరీక్షకి, పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, బల్బుని కూడా వెంటబెట్టుకెళ్ళింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక్కో బల్ల దాటుతూ ఐదు, ఐదు, ఐదు అని రాసుకుంటూ వచ్చి దీని దగ్గర ఆగారు. బల్బు వెలుగుతోంది. మీటరులో నాలుగు పాయింట్ తొమ్మిది.

"ఐదు రావాలి కదమ్మా?"

"బల్బు లాగుతోంది కదా సార్, ఆ మాత్రం తగ్గుతుంది."

"బల్బు పెట్టమని ఎవరన్నారు? తీసెయ్. ఐదు చూపించు, మార్కులు వేసేస్తాను."

చూశారా ఆయన మంచితనం! అరటిపండు ఒలిచి చేతిలో పెడుతున్నారు. అయినా ఈ మొండిఘటం ఏమందో తెలుసా?

"తీసేస్తే ఇంక చూపించడానికి ఏముంది సార్?"

ల్యాబు మాస్టారు వెనకనుంచి కళ్ళతోనే బతిమాలారట. బల్బు తియ్యలేదు. ఎగ్జామినర్ "రీడింగు చూపలేదు" అని రాసి పక్క బల్లకి వెళ్ళిపోయారు. క్లాసంతా పాస్, మా టార్చిలైటు ఒక్కతే ఫెయిల్.

ఇంటికొచ్చి ఏడ్చింది. దాని కళ్ళు తుడిచాను. కానీ నేను సిద్ధాంతం ఉన్నవాణ్ణి కదా, "ఒక్క బల్బు తీస్తే పోయేదానికి ఏడాది పోగొట్టుకుంటావా?" అని మందలించాను.

"నువ్వూ అంతేనా మావయ్యా?" అంది.

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు మాస్టారి కాళ్ళావేళ్ళా పడదామని కాలేజీకి వెళ్ళాను. ల్యాబు గుమ్మం పక్కన, అద్దాల అలమరాలో, నూటికి నూరు తెచ్చుకున్న సర్క్యూట్లు కొలువుతీరి ఉన్నాయి. ముట్టుకోరాదని బోర్డు కూడా ఉంది. వాటికి అంతకన్నా తగిన చోటు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి!

మాస్టారు మర్యాదస్థుడు. కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు. సంగతి మొదలుపెట్టేసరికి నా ఫోను చార్జింగ్ లేదని మూలిగింది. "ఇలా ఇవ్వండి" అని అందుకుని, బల్లమీద టిఫిన్ డబ్బా మూత బిగించి ఉన్న సర్క్యూట్ నుంచి తన ఫోను తీసి నాది తగిలించారు.

"స్టాఫంతా దీనిమీదే పెట్టుకుంటామండీ. అలమరాలోవాటికి పెడితే ఫోను ఒక్కసారి మెరిసి ఆరిపోతోంది."

"ఇది మా అమ్మాయి చేసిందే కదండీ?"

"అవునండీ. బ్రహ్మాండంగా చేసింది."

"మరి ఫెయిల్ చేశారు?"

"రీడింగు చూపించలేదు కదండీ, ఏం చేస్తాం?" అని ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. తర్వాత కుర్చీ నా దగ్గరకి జరుపుకుని, "ఒక్క మాట చెప్పండి అమ్మాయికి. మళ్ళీ పరీక్షకి వచ్చేటప్పుడు ఇంకోటి చేసుకుని రమ్మనండి. ఇది మాకు కావాలి" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి దులిపేద్దామనుకున్నాను. కానీ ఫోను అప్పటికి సగమే నిండింది. కూర్చున్నాను.