కొయ్య ముఖం లోపలి మనిషి

ఆ రోజు భూతద్దంగారి కార్యక్రమం చాలా చిన్నది. పదింటికి లెక్కల టీచరమ్మ తెచ్చే కొయ్య ముఖాన్ని పరీక్షించడం, పదకొండింటికి క్షవరం చేయించుకోవడం. ముందు క్షవరం కానిచ్చుకోమని భార్య చెప్పింది. ఆవిడ మాట వేళకు వినే అలవాటు ఆయనకు లేదు.

పాత చెక్క బొమ్మలు, తలుపులు, కొయ్య ముఖాలు ఏ కాలానివో, ఎంత విలువ చేస్తాయో చెప్పడం ఆయన వృత్తి. మెళ్ళో దారానికి ఎప్పుడూ భూతద్దం వేలాడుతుంటుంది కనుక అసలు పేరు అందరూ మరిచిపోయారు. "పైముఖం చూసి మోసపోకండి, లోపల చూడండి" అని వచ్చిన ప్రతివాడికీ పాఠం చెబుతాడు.

టీచరమ్మ తెచ్చింది తలంతా కప్పే రకం. ఒకే దుంగను డొల్లగా తొలిచి చేశారు. బయట పొగచూరిన నలుపు. అంచున పురుగు రంధ్రాలున్నాయి. గుండుసూది గుచ్చి చూస్తే వంకరగా దిగింది. మరతో వేసిన రంధ్రమైతే తిన్నగా దిగేది. లోపల, ఎన్నో తలలు రాసుకుని తేలిన మెరుపు. భూతద్దంగారు అద్దం తుడుచుకుని మళ్ళీ చూశాడు. రెండు వందల ఏళ్ళకు తక్కువ ఉండదు! ముప్పై ఏళ్ళలో ఇలాంటిది ఆయన చేతికి రాలేదు.

"ఇదెప్పటిదో, ఏపాటి విలువ చేస్తుందో చూసి చెప్పండి అన్నయ్యగారూ. మీరెంతంటే అంత," అంది టీచరమ్మ.

'మీరెంతంటే అంత' అనే మాట దగ్గరే ఆయన బుద్ధి గడ్డి తిన్నది.

"కొత్తదేనమ్మా. మహా అయితే పదిహేనేళ్ళు. పొగబెట్టి పాతదానిలా చేశారు. విలువంటూ ఏమీ లేదు," అన్నాడు. ఆ మాట అంటుండగానే ఆయన చెవులు వేడెక్కాయి. "మళ్ళీ మోసుకెళ్ళడం దేనికి? ఇక్కడ పడేసి వెళ్ళండి. నాటకాలవాళ్ళెవరైనా అడిగితే ఇచ్చేస్తాను."

టీచరమ్మ మొహం విప్పారింది. "ఎంత నిక్కచ్చిగా చెప్పారండీ! ఉంచుకోండి. మధ్యాహ్నం మళ్ళీ వస్తాను," అని వెళ్ళిపోయింది.

విలువ లేదంటే ఇంత సంతోషమేమిటో ఆయనకు అంతుపట్టలేదు. తన కూతురికి మూడేళ్ళు కూర్చోబెట్టి ఊరికే లెక్కలు నేర్పిన మనిషి ఆవిడ. ఆ సంగతి గుర్తొచ్చి కాసేపు సిగ్గుతో కుర్చీలోంచి లేవలేకపోయాడు. తర్వాత లేచి తలుపు గడియ పెట్టాడు.

తొడుక్కుని చూస్తే అరుగుదల ఎక్కడెక్కడుందో ఒంటికి తెలుస్తుంది. ఆ పని మాత్రం చెయ్యొద్దని ఆయన అందరికీ చెబుతాడు. ఆనందం పట్టలేక ఇప్పుడు తనే చేశాడు. బిగుతుగా అనిపిస్తే రెండు చేతులా కిందికి లాగాడు. చెవులు మడతపడి, తల లోపలికి దిగిపోయింది. పైకి తీయబోతే ఆ చెవులే అడ్డం తిరిగాయి.

పావుగంట పెనుగులాడాక గడియ తీయక తప్పలేదు. భార్య మొదట కెవ్వుమంది, గొంతు గుర్తుపట్టి నవ్వింది, ఆ తర్వాత తమ్ముణ్ణి పిలిచింది. బావగారి మీద చెయ్యి చేసుకునే అవకాశం పదేళ్ళకు దొరికింది కాబోలు, ఆ తమ్ముడు గోడకు కాలు తన్నిపెట్టి మరీ లాగాడు. మెడ సాగింది కానీ ముఖం రాలేదు.

"నూనె పొయ్యనా అక్కా?"

"నూనె వద్దు! మరక పడుతుంది!" అన్నాడు భూతద్దంగారు నోటి చీలికలోంచి.

"ఎందుకూ కొరగాదని పొద్దున్న టీచరమ్మతో మీరేగా అన్నారు? నేను వినలేదనుకున్నారా? మరక పడితే ఏం?" అంది భార్య.

"మరక... నా మెడకి."

సబ్బునీళ్ళు పోశారు. తడిసిన చెక్క ఉబ్బి ఇంకా బిగుసుకుంది. నీళ్ళు తగిలితే చెక్క ఉబ్బుతుందని ఆయన స్వయంగా అచ్చువేయించి పంచే కాగితంలోనే ఉంది. చివరికి వడ్రంగి మేస్త్రి వచ్చి, ముఖాన్ని వేలితో కొట్టి చూసి, రంపం పెట్టాల్సిందేనని తేల్చాడు.

"రంపం వద్దు! నాకా చప్పుడు పడదు!"

"పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చెక్కల మధ్యే బతుకుతున్నారు, చప్పుడు పడకపోవడమేంటి?" అంది భార్య.

"పోనీ, ఇలాగే ఉంటాను. హాయిగానే ఉంది."

"అన్నం ఎలా తింటావు బావా?"

"గొట్టం పెట్టుకుని తాగుతాను."

"ఎన్నాళ్ళండీ?" అన్నాడు మేస్త్రి.

"చెక్క ఆరేదాకా."

"దుంగ చెక్క కదండీ, నెల పడుతుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపల ప్రతి అబద్ధమూ తిరిగొచ్చి ఆయన చెవుల్లోనే మోగుతోంది. సిగ్గుతో చెమటలు పట్టాయి. తన మొహం ఎవరికీ కనబడకపోవడం ఒక్కటే ఊరట.

అప్పుడే టీచరమ్మ వచ్చింది. ఆవిడ వెనకాలే టాక్సీ డ్రైవరు ఒక ఇనప్పెట్టె మోసుకొచ్చి వసారాలో దించాడు.

"అయ్యో, అన్నయ్యగారే! అదేం గొప్ప వస్తువని ఇంత ఆలోచన? కోసి పారెయ్యి మేస్త్రీ!"

అప్పటికి భూతద్దంగారి దగ్గర అబద్ధాలు నిండుకున్నాయి. రంపం నడినెత్తిన గర్రుమని ఒక గీత గీసింది.

"ఆపండి! అది రెండు వందల ఏళ్ళ నాటిది! పొద్దున్న అబద్ధం చెప్పాను టీచరమ్మా! నేనే కాజేద్దామని చెప్పాను!"

రంపం ఆగింది. భార్య గుమ్మంలోనే కూలబడింది. కళ్ళు తుడుచుకుందామంటే కొయ్య అడ్డమొచ్చి ఆయన చెయ్యి కంటిదాకా పోలేదు. కన్నీళ్ళు గడ్డం కిందనుంచి చొక్కా మీద పడ్డాయి.

 టీచరమ్మ మెల్లగా పెట్టె మీద కూర్చుంది.

"అది మా ఆయన చెక్కిందండీ. మా ఇంట్లో తాతల నాటివి పదకొండు ముఖాలున్నాయి. వాటిని చూసి, బడిపిల్లల నాటకం కోసం చేశారు. రంగు కోసం నీళ్ళ పొయ్యి మీద పొగబెట్టారు. పన్నెండేళ్ళు పిల్లలు వేసుకుని ఆడితే లోపల నున్నబడింది. తర్వాత అటకెక్కిస్తే పురుగు పట్టింది. ఏడో తరగతి పిల్లల కొలత అది. మీరు కొలత చూడలేదా?"

చూడలేదు. పొగ చూశాడు, పురుగు చూశాడు, మెరుపు చూశాడు. కొలత మాత్రం చూడలేదు.

"జవాబు తెలిసిన లెక్క ముందిచ్చి చూడటం నాకలవాటు," అంది టీచరమ్మ. "పొద్దున్న సరిగ్గా చెప్పారు. మా ఆయన పనితనాన్ని ఇట్టే పట్టేసిన మనిషి, నమ్మొచ్చు అనుకున్నా. ఆ పదకొండూ మీ చేతిలోనే పెడదామని తెచ్చాను."

పెట్టె మూల ఒకటి కంటి రంధ్రంలోంచి కనబడుతోంది. ముప్పై ఏళ్ళుగా ఆయన ఎదురుచూసింది అందులో ఉంది. భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. చీలినా ఈ తలతో పట్టేలా లేదు. పొద్దున్న అబద్ధమనుకుని చెప్పింది నిజమైంది, ఇప్పుడు నిజమనుకుని ఒప్పుకున్నది తప్పైంది. దొంగ అనీ, పైగా పని రాదనీ తన నోటితోనే చాటుకున్నాడు.

"కోసెయ్యి మేస్త్రీ," అన్నాడు హీనస్వరంతో.

కొయ్య ముఖం రెండు చెక్కలై ఊడిపడింది. ఎవరైనా నవ్వితే బాగుండేది. ఎవరూ నవ్వలేదు. బావమరిది అటు తిరిగి తువ్వాలు అందించాడు. భార్య ఆయన వంక చూడనేలేదు.

"ఈ పని నమ్మకంగా చేసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారాండీ?" అని అడిగింది టీచరమ్మ. ఆ గొంతులో కోపం కూడా లేదు.

ఉన్నాడు. వెనక వీధిలో ఒకాయన ఉన్నాడు. వాడికి టేకుకీ అట్టముక్కకీ తేడా తెలియదని భూతద్దంగారు పదిహేనేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చింది ఆయన గురించే. తల వంచుకుని ఆయన పేరూ, ఇంటి నంబరూ చెప్పాడు. డ్రైవరు పెట్టె భుజానికెత్తుకున్నాడు.

ఆ రోజు మొత్తం మీద, టీచరమ్మ అడిగినదానికి నిజమని తెలిసి ఆయన చెప్పిన నిజం ఆ ఇంటి నంబరొక్కటే.