పాస్‌వర్డ్‌ల బోర్డు

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన భద్రతా ఏర్పాట్లలో అత్యుత్తమమైనది ఆసుపత్రి ఉద్యోగుల బదిలీల ఆఫీసులో, మంచినీళ్ల డ్రమ్ము పక్క గోడకు, నాలుగు మేకుల మీద వేలాడుతోంది. ఎవరైనా చూడవచ్చు. పది నుంచి ఐదు వరకు.

అదొక బోర్డు. ఒకరి పాస్‌వర్డ్ మరొకరు పెట్టుకోకూడదని అక్కడ నిబంధన (పన్నెండోది, మొదటి పదకొండూ కంప్యూటర్ మీద టీ కప్పు పెట్టడం గురించి). మరి ఏవి వాడుకలో ఉన్నాయో జనానికి తెలియొద్దూ? అందుకని అన్నీ పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. ఎదురుగా సొంతదారు పేరు. సందేహం లేకుండా ఉద్యోగి నంబరు కూడా.

మా వదిన నర్సు. రెండేళ్లుగా ఆమె ఒక ఊళ్లో, ఏడేళ్ల కూతురు మా ఇంట్లో, ఇంకో ఊళ్లో. మా ఊరి ఆసుపత్రిలో ఏడాదికి ఒక్క ఖాళీ వస్తుంది. ఈసారి బదిలీ జాబితాలో మొదటి పేరు వదినదే. ఆఖరి రోజు సాయంత్రం ఐదులోగా ఆఫీసు కంప్యూటర్లో తన పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి ‘ఖరారు’ నొక్కితే చాలు. ఆ ఉదయమే పాస్‌వర్డ్‌కు గడువు తీరింది (పద్నాలుగు రోజులకోసారి తీరుతుంది, తాజాగా ఉండాలి కదా). కొత్తది కోసం వదినా నేనూ ఆ బోర్డు కిందే ఉన్న భద్రతాధికారి బల్ల ముందు నిలబడ్డాం.

“గులాబీ తొమ్మిది పెట్టండి సార్,” అంది వదిన.

“లిఫ్టు నడిపే ఆయనది. బోర్డు చూసుకోవాలమ్మా.”

“మల్లె తొమ్మిది?”

“అదీ ఆయన పాతదే. పూలంటే ప్రాణం మనిషికి.”

నాకు నోరాగలేదు. “పాస్‌వర్డ్‌లు బయట పెట్టే బదులు, ఈ బదిలీల ప్రోగ్రాం ఎలా రాశారో ఆ కోడ్ బయట పెట్టొచ్చుగా సార్. తెలిసినవాళ్లు చూసి తప్పులు చెప్తారు.”

అధికారి గొంతు తగ్గించాడు. “కోడా? అతి రహస్యం బాబూ. ఇనప బీరువాలో ఉంది. నేనే చూళ్లేదు.”

“తీసి చూడండి.”

“తాళంచెవి ఎక్కడుందో కూడా రహస్యమే. తెలిసినాయన రిటైరయ్యాడు.”

తాళం ఎలా తయారైందో ఊరందరికీ తెలిసినా నష్టం లేదు, తాళంచెవి దొరికితేనే కొంప మునుగుతుంది. ఈ ముక్క చెప్పడానికి పెద్ద చదువులక్కర్లేదు. నేనేమీ చదవలేదు. ఈ ఆఫీసు మాత్రం బాగా చదువుకుంది. తాళం ఎలా చేశారో గీసిన బొమ్మను బీరువాలో దాచి, తాళంచెవులు గోడకు తగిలించింది.

“నువ్వు కాసేపు నోరు మూసుకో నాయనా, టైమవుతోంది,” అంది వదిన. అప్పుడే ఫోన్ మోగింది. కూతురు. రోజూ అడిగేదే అడిగింది. వదిన ఫోన్ పెట్టేసి బల్ల వైపు తిరిగింది.

“ఇదే రాసుకోండి సార్. అమ్మా ఎప్పుడొస్తావు. చివర ఏడు.”

అధికారి బోర్డంతా వెతికాడు. “ఎవరూ పెట్టలేదు. చాలా గట్టిది తల్లీ.”

క్షణంలో స్టూలెక్కి రాసేశాడు (ఈ ఆఫీసులో వేగంగా జరిగే పని ఇదొక్కటే). వరుసలో వాళ్లంతా ఫోన్లు తీసి ఫొటో తీసుకున్నారు, పొరపాటున తామూ అదే పెట్టకూడదని. మా వెనకే జాబితాలో రెండో పేరాయన ఉన్నాడు. బహు మర్యాదస్తుడు. “కాసేపు కూర్చోండి సిస్టర్, ఇంకా టైముంది,” అని కుర్చీ కూడా జరిపాడు.

హాలు చివర కంప్యూటర్ దగ్గర మా వంతు వచ్చేసరికి నాలుగూ నలభై. తెర మీద ఇలా ఉంది: ‘4.31కి మీరు మీ దరఖాస్తును ఉపసంహరించుకున్నారు. అభినందనలు.’

“నేను చెయ్యలేదు సార్,” అంది వదిన, మళ్లీ బల్ల దగ్గర.

“మీ పాస్‌వర్డ్‌తోనే చేశారమ్మా.”

“అది మీ నెత్తిమీదే ఉంది కదా సార్.”

ఆయన తల ఎత్తలేదు. “పాస్‌వర్డ్ మీకు తప్ప ఎవరికీ తెలియకూడదని రూలు. రూలు ప్రకారం ఎవరికీ తెలియదు. కాబట్టి మీరే చేశారు.”

ఖాళీ రెండో పేరాయనకు దక్కింది. వదిన మళ్లీ వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టుకోవాలి. ఆఫీసు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇలాంటివి మళ్లీ జరగకుండా కోడ్ ఉన్న బీరువాకు రెండో తాళం వేసింది. వదిన పాస్‌వర్డ్‌ను ‘ఆదర్శ పాస్‌వర్డ్’ అని బోర్డు పై వరుసకు ఎక్కించింది.

కూతురు రోజూ అడిగే ప్రశ్న ఇప్పుడు ఆఫీసు మొత్తానికి కంఠతా వచ్చు. జవాబు మాత్రం భద్రతా కారణాల వల్ల వెల్లడించరు.