లాలిపాటకు సర్కస్ దరువు

ఆ ఆదివారం పొద్దున్నే కీబోర్డు మాస్టారు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ బావమరిదికి బుద్ధి చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా చర్చిలో క్రిస్మస్ పాటలన్నీ ఆయన చేతుల మీదుగానే నడిచాయి. కీబోర్డు ముందున్న ఆ కుర్చీ తప్ప ఆయనకు లోకంలో ఇంకో గొప్ప లేదు. ఈ ఏడు గాయకబృందం పెత్తనం భార్య తమ్ముడికి దక్కింది. దక్కిన వారానికే వాడు, "బావా, ఈ పాటలకి జనం నిద్రపోతున్నారు. కొత్త పద్ధతిలో వాయించండి" అన్నాడు.

"వాయిస్తాను. చెవులు మూసుకునేలా వాయిస్తాను" అన్నాడు మాస్టారు భార్యతో, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"మీ వెటకారం మావాడికి ఎక్కదండీ" అంది భార్య. ఆవిడ మాట ఆయన ఏనాడు విన్నాడు గనక.

రిహార్సల్లో బాలయేసు లాలిపాటను సర్కస్ దరువులో వాయించి, మధ్యలో ఈల కూడా వేయించాడు. అందరూ సిగ్గుపడతారనుకుంటే కాళ్ళాడించారు. పాస్టరుగారు వచ్చి చేతులు పట్టుకున్నారు.

"ఇంత విద్య ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు మాస్టారూ?"

నిజం చెప్పాలంటే దేవుడి పాటను వెక్కిరించానని ఒప్పుకోవాలి. మాస్టారు ఓ నవ్వు నవ్వి కీబోర్డు మీద గుడ్డ కప్పాడు. ఇంకా ఘోరంగా వాయిస్తే వాళ్ళే వద్దంటారని, పై వారం గొర్రెల కాపరుల పాటను డిస్కో చేశాడు. వద్దనడం అటుంచి, మళ్ళీ వాయించమన్నారు. బాలయేసును చూడొచ్చిన జ్ఞానుల పాటను రైలు కూతతో మొదలుపెడితే ఒక పెద్దావిడ కళ్ళొత్తుకుంది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ మెప్పు మాస్టారికి కాస్త రుచించింది కూడా.

బావమరిది ప్రతి పాటనూ కీబోర్డులోనే రికార్డు చేశాడు.

"ఎందుకోయ్?"

"మీరు రాని రోజు ప్రాక్టీసుకి బావా."

క్రిస్మస్ పొద్దున మాస్టారు అందరికంటే ముందే చర్చికి వెళ్ళాడు. కీబోర్డు ముందు కుర్చీ లేదు.

"మీరింక కష్టపడొద్దు బావా. బటన్ నొక్కితే చాలు, మీరు వాయించినవన్నీ వస్తాయి. ముందు వరసలో హాయిగా కూర్చోండి" అన్నాడు వెనకాలే వచ్చిన బావమరిది.

"మరి పాత పద్ధతిలో ఎవరు వాయిస్తారు?"

"అదెందుకు? మీకు నచ్చకే కదా మార్చారు."

అదంతా వెటకారమని మాస్టారు అప్పుడు చెప్పేశాడు. బావమరిది పడీపడీ నవ్వి, భుజం తట్టి, జనం నిండాక బటన్ నొక్కాడు.

పాట అయ్యేసరికి చర్చి దద్దరిల్లింది. ఆయన వాయించిన పాటకు చప్పట్లు పడటం అదే మొదటిసారి. చేతులు ఖాళీగానే ఉన్నాయి కాబట్టి మాస్టారు కూడా కొట్టాడు.